మోతలో విన్న మాట

గుంటూరు దాటాక

మా పాప నన్ను "అబ్బా" అని పిలుస్తుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే మా ప్రయాణం మీకు ఒక పట్టాన అర్థం కాదు.

ఆరేళ్ళది. పేరు భార్గవి. పుట్టినప్పటి నుంచే వినికిడి చాలా తక్కువ. ఛాతీ మీద గుడ్డసంచిలో ఒక చిన్న మిషను, దాన్నుంచి రెండు చెవులకూ తీగలు. అది పెట్టుకుంటే పెద్ద పెద్ద చప్పుళ్ళు ఏవో తెలుస్తాయి. మిగిలిందంతా మన పెదాలు చూసి పట్టుకోవడమే. పెదాలు చూస్తే "అమ్మా" అన్నా "అబ్బా" అన్నా ఒకటే. నమ్మకపోతే అద్దం ముందు నిలబడి అని చూసుకోండి. నేను ఎన్నిసార్లు చూసుకున్నానో!

గుంటూరులో తెనాలి వెళ్ళే పాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన చోటు కావాలని అది నా కొంగు పట్టుకుని "అబ్బా! అబ్బా!" అని లాగుతుంటే ఎదురు బెంచీ మీది పెద్దావిడ కంగారు పడిపోయింది.

"పాపకి ఎక్కడ నొప్పమ్మా? కడుపులోనా?"

"నొప్పి కాదు. నన్ను పిలుస్తాంది."

"పిలవడమేంటి, పిచ్చి తల్లీ, అబ్బా అంటుంటేనూ!" అంటూ ఆవిడ సంచి వెతికి బామ్ డబ్బా తీసి పాప నుదుటికి పట్టించేసింది. మందు ఘాటుకి దాని కళ్ళ వెంట నీళ్ళు. దాంతో నిజంగానే నొప్పి అనుకుని పెట్టెలో ఉన్నవాళ్ళంతా మా చుట్టూ చేరారు. పక్కనాయన పాప సంచిలోని మిషను చూసి, "రేడియోనా అండి? స్కోరెంతైంది?" అని అడిగాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకెవరో వెనక నుంచి "మూగపిల్ల అనుకుంటా, పాపం" అన్నారు. అంతే, నాకు ఒళ్ళు మండింది.

"మూగది కాదు! వినేది మీకు చాతకాదు, అంతే!" అని అరిచాను. రైలు చుండూరు వైపు పోయేదో, తెనాలిలో ఆగేదో కూడా ఆ కోపంలో చూసుకోలేదు. పెద్దావిడే దింపింది, బామ్ డబ్బా నా చేతిలో పెట్టి మరీ.

మా వెంట ఒక ట్రంకుపెట్టె ఉంది. దాంట్లో పాప గౌన్లు, దుప్పటి, పళ్ళెం, గ్లాసు. ఎందుకో దానికి చెప్పలేదు. బాపట్లలో వినికిడి లేని పిల్లలకు మాట నేర్పే చిన్న బడి ఉందని, అక్కడి టీచరు చేతిలో పడితే రాయి కూడా మాట్లాడుతుందని మా ఊళ్ళో డాక్టరు చెప్పాడు. ఏడేళ్ళు దాటితే గొంతు వంగదన్నాడు. కానీ అది హాస్టలు బడి. మాది అనంతపురం వైపు. ఒక రాత్రీ, మళ్ళీ ఒక పూటా ప్రయాణం. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, సెలవు దొరకలేదు. "నువ్వు చూసి ఏది మంచిదంటే అదే" అని తేల్చేశాడు. ఆ మాటకి నాకు ఎంత కోపం వచ్చిందంటే, దారి పొడుగునా మనసులో ఆయనతో పోట్లాడుతూనే వచ్చాను. బిడ్డను వదిలి రావాలా, వెనక్కి తేవాలా? అది నా ఒక్కదాని నెత్తినే వేస్తే ఎట్లా?

తెనాలి

తెనాలిలో మా ఆయన అక్క రుక్మిణి వదిన ఉంది. పుట్టింది కదిరిలో, కాపురం ఇక్కడ. ఆమె నోరు ఎప్పుడో ఇటు తిరిగిపోయింది. గుమ్మంలోనే, "ఏంటే సుశీలా, పిల్లని ఇంత ఎండలో తీసుకొచ్చావ్? రండి, కాళ్ళు కడుక్కోండి" అంది. ఆ "ఏంటే" విన్నప్పుడల్లా ఈమె మా వదినేనా అనిపిస్తుంది.

తెనాలి చూస్తే నాకు కుళ్ళు పుట్టింది, దాచుకోవడమెందుకు. ఊరి మధ్యలోంచి కాలవలు పోతున్నాయి, నిండుగా. జనం వాటి వైపు చూడను కూడా చూడరు. మా వీధిలో కుళాయి వచ్చిన రోజు పెళ్ళిలాగా ఉంటుంది. పొద్దున టిఫినుకి వదిన దిబ్బరొట్టె పెట్టింది. మినప్పిండితో ఇంత మందాన, పైన కరకర, లోపల మెత్తగా, పక్కన చెరకు పానకం. మా వైపు ఉగ్గాని, బజ్జీ అలవాటైన నోటికి పొద్దున్నే తీపి ఏమిటో తోచలేదు కానీ పాప రెండు ముక్కలు తినేసింది. వీధి చివర బెల్లం జిలేబీ పొట్లం అయిదు రూపాయలకే ఇచ్చారు. చేతులు జిగటపడి సాయంత్రం దాకా వదల్లేదు.

వదిన నాటకాల వాళ్ళకి పద్యాలు నేర్పుతుంది. సాయంత్రం వరండాలో హార్మోనియం పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా కిరాణా కొట్టాయన, రాజు వేషం వేయబోతున్నాడట. ఆయన పద్యం ఎత్తుకోవడం, వదిన తన తొడ మీద చరిచి ఆపడం.

"అది ష అండి, శ కాదు. నాలుక మడతపడాలి. చివర నేల మీద కూర్చున్నవాడికి కూడా ష, ష లాగే వెళ్ళాలి. మళ్ళీ!"

ఆయన నాలుక మడిచాడు. నాకు రెండూ ఒకేలా వినపడ్డాయి. మొదటి తికమక అదే. పాఠం అయ్యాక వదిన పాపను పట్టుకుంది. తన కళ్ళు చూపించి "కళ్ళు" అంది. పాప ఎంతో శ్రద్ధగా "కల్లు" అంది.

"కల్లు కాదే తల్లీ, అది తాగేది! కళ్ళు!"

"కల్లు."

"చూశావా సుశీలా? అక్షరాలు యాభై ఆరూ విడివిడిగా రావాలి. అప్పుడే అది మాట. లేకపోతే వట్టి కూతే."

కూత అన్న మాట నాకు గుచ్చుకుంది. వంటింట్లోకి పోయి బిందె చాటున నేను కూడా కళ్ళు, కల్లు, కళ్ళు అనుకున్నాను. అనుకునేకొద్దీ నా నాలుక ఎక్కడికి పోతోందో నాకే తెలియలేదు.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. "మీ అన్నయ్య వచ్చారు, మంచినీళ్ళు పట్టుకెళ్ళు" అంది వదిన. పాప వదిన నోటి వైపే చూస్తోంది. చూసి, తన పెదాలు రెండు పక్కలకీ సాగదీసి, పళ్ళు కనపడేలా "వచ్చా... వచ్చా..." అని మొదలుపెట్టింది.

"ఆ అంటే నోరు తెరవాలే. ఇదేంటి, ఇకిలిస్తోంది?" అంది వదిన.

"ఇంకోసారి అను వదినా, వచ్చారు అని."

అంది. ఆమె నోరు కూడా పక్కలకే సాగింది! "ఇప్పుడు ఆట అను" అన్నాను. నోరు నిలువుగా తెరుచుకుంది. మా ఇంట్లో మేం "వచ్చినారు" అంటాం కనుక పాపకు ఈ సాగదీత కొత్త. పట్టేసింది. వదిన గోడ మీది అద్దం దగ్గరికి పోయి వచ్చారు, ఆట, వచ్చారు, ఆట అని అనుకుంది. చివరికి చిరాకుపడింది. "నీ కూతురు నా నోరు పాడుచేసేలా ఉందే! ఇన్నేళ్ళ నుంచి ఒక్క ఆ అనే అనుకుంటున్నాను" అంది. అన్నయ్య గడప దగ్గర మంచినీళ్ళ కోసం నిలబడే ఉన్నాడు.

బాపట్ల

బాపట్ల బడి రైలుస్టేషనుకి దగ్గరే, పాత పెంకుటింట్లో. గోడలనిండా అద్దాలు. పిల్లలు కూర్చునే బెంచీకి ఎదురుగా ఒక అద్దం, పక్కన ఒక అద్దం. మంగలిషాపులోకి వచ్చామేమో అనుకున్నాను.

టీచరు పేరు అన్నపూర్ణమ్మ గారు. తెల్లటి నేతచీర, చేతిలో సన్నటి కాగితం పీలిక. కూర్చోమనలేదు, మంచినీళ్ళిమ్మనలేదు.

"పాప పేరేంటండి?"

"భార్గవి."

"మళ్ళీ చెప్పండి" అంటూ కాగితం పీలిక నా నోటికెదురుగా పట్టుకుంది. చెప్పాను. కాగితం కదల్లేదు. "ఇంకోసారి." మళ్ళీ చెప్పాను. కాగితం నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు అట్లాగే వేలాడింది.

"బార్గవి అన్నారు. భ లేదు అందులో. మీరు పెట్టిన పేరు మీరే పలకట్లేదండి."

నాకు తల కొట్టేసినట్టయింది. పట్టుదలగా గుండెల నిండా గాలి పీల్చుకుని "భా" అన్నాను. దగ్గు తెర వచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పాప పకపకా నవ్వింది. అప్పుడు టీచరు కూడా నవ్వి, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"తప్పేం కాదమ్మా. మామూలు మాటల్లో చాలామంది అంతే. భ అన్నా బ అన్నా పిలిస్తే పాపే పలుకుతుంది కదా, అందుకని చెవి పట్టించుకోదు. ఏ భాషైనా అంతే, కొన్ని తేడాలు పట్టించుకుంటుంది, కొన్ని వదిలేస్తుంది. అరవం వాళ్ళకి పకీ బకీ ఒకటే అక్షరం. వాళ్ళు కాపురాలు చేసుకోవట్లేదా?"

"మరి మా పక్కింటి కన్నడమామె పాలను హాలంటాది, పండును హణ్ణంటాది."

"అది వాళ్ళ లెక్క. మన లెక్కలో ప వేరు, బ వేరు, మ వేరు. ముందు అవి. మిగతావి దేవుడెరుగు."

"మా వదిన యాభై ఆరూ రావాలంటాంది."

"ఆవిడ నాటకం వేయిస్తారు. నేను బస్సెక్కిస్తాను."

నేను ఊరుకోలేక "వచ్చారు" అన్నప్పుడు, "ఆట" అన్నప్పుడు నోరు వేరేగా తెరుచుకునే సంగతి కూడా అడిగాను. ఆమె పాప వైపు చూసి కనుబొమలెత్తింది. "పట్టుకుందా? అలా సాగే ఆ కి మన దగ్గర వేరే అక్షరం లేదండి. చదువుకున్నవాళ్ళం ఆ అని రాసి ఆ అనే అనుకుంటాం. పాపకి ఇంకా అక్షరాలు రావు కదా, ఉన్నది ఉన్నట్టు చూసింది."

ఇక నా బుర్ర పనిచేయడం మానేసింది. ఉన్న అక్షరం నేను పలకను. లేని అక్షరం మా వదిన పలుకుతుంది. ముప్పై ఏళ్ళుగా నేను మాట్లాడుతున్నది ఏమిటో నాకే అంతుపట్టకపోతే, దీనికి ఏం నేర్పాలని బయల్దేరాను?

టీచరు పాపను ఒళ్ళోకి లాక్కుంది. ఎదురుగా మూడు బొమ్మలు. పాడుతున్న అమ్మాయి, మట్టిరోడ్డు, తెరిచిన నోరు. పాట, బాట, మాట. పాప వేళ్ళు తీసుకుని ఒకటి తన గొంతు మీద, ఒకటి ముక్కు పక్కన పెట్టుకుంది. "మాట" అన్నప్పుడు ముక్కు అదురుతుంది. "బాట"కి గొంతు అదురుతుంది. "పాట"కి ఏదీ అదరదు, కాగితం ఎగురుతుంది. పాప మూడింటికీ బాట అంది. మళ్ళీ బాట అంది. కాగితం వైపు కళ్ళప్పగించి చూసింది. పెదాలు బిగించి, బుగ్గలు పూరించి, "ప్పాట!" అంది. కాగితం టీచరు చేతిలోంచి ఎగిరి కింద పడింది. పాప లేచి గంతులు వేసింది. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఆరేళ్ళలో చేయలేనిది ఆమె ఒక్క పూటలో చేసింది.

అప్పుడే ఆమె అసలు మాట చెప్పింది. "ఇవాళే వదిలి వెళ్ళండి. మళ్ళీ దసరాకి రండి. మధ్యలో రాకూడదు. తల్లి కనపడితే పిల్లలు నోరు కట్టేసి సైగల్లోకి వెళ్ళిపోతారు."

నా చేయి ట్రంకుపెట్టె మీద ఉంది. తీయలేకపోయాను, తోయలేకపోయాను. ఆమె నా మొహం చూసి కాస్త మెత్తబడింది.

"సరే. పెట్టె ఇక్కడే ఉండనివ్వండి. రేపల్లెలో నాగమణి అని మా పిల్ల ఉంది, రైస్ మిల్లులో చేస్తోంది. చిన్నప్పుడు మీ పాప లాగానే వచ్చింది. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో దాని మాటే మాట. వెళ్ళి వినిరండి. విన్నాక మీరే వదులుతారు."

సూర్యలంక, ఒక తడుపు

బాపట్ల దాకా వచ్చి సముద్రం చూడకుండా పోతారా అని మేం దిగిన లాడ్జి ఆవిడ ఆటో ఎక్కించింది. మా అనంతపురం వాళ్ళకి అంత నీళ్ళు ఒకచోట చూస్తే భయమేస్తుంది. పాపకు భయం లేదు. అల వచ్చి తగిలినప్పుడల్లా కాళ్ళ కింద ఇసుక జారుతుంటే వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. చూస్తుండగానే ఒక పెద్ద అల దాని మెడ దాకా కొట్టింది. ఎత్తుకుని పరిగెత్తి సంచి విప్పేసరికి మిషనులోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. ఒకసారి కీచుమని ఊరుకుంది. అక్కడ మొక్కజొన్న కండెలు కాల్చే ఆమె బొగ్గుల పక్కన గోనెపట్టా పరిచి దాన్ని ఆరబెట్టి, మా ఇద్దరికీ చెరొక కండె ఇచ్చి, ఎంత చెప్పినా ఒకదానికే డబ్బు తీసుకుంది. మిషను మాత్రం లేవలేదు.

రేపల్లె

మర్నాడు చెరుకుపల్లి మీదుగా రేపల్లె బస్సు. దారంతా కాలవలు, పచ్చటి నారుమళ్ళు, అక్కడక్కడా కొబ్బరి. చెవులకు మిషను లేని పాపను ఒళ్ళో పెట్టుకుని, ఎవరో తెలియని పిల్ల గొంతు వినడానికి పోతున్నాను. ఇదేం పిచ్చి ప్రయాణం అనిపించింది. కానీ ఆ నాగమణి మాట చక్కగా ఉంటే మా భార్గవి మాట కూడా అట్లాగే ఉంటుంది కదా అని ఒక ఆశ. ఆ గొంతు ఎట్లా ఉంటుందోనని దారి పొడుగునా నాలో నేనే ఊహించుకున్నాను.

మిల్లు పెనుమూడి రోడ్డు వైపు. గేటు దగ్గరికి రాకముందే కాళ్ళ కింద నేల అదిరింది. లోపలికి అడుగుపెడితే, అమ్మో, ఆ మోత! ధాన్యం ఆడే మిషన్లు, తిరిగే బెల్టులు, పైనుంచి గొట్టంలో దిగే బియ్యం. గుమస్తా నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క అందలేదు. తవుడు దుమ్ము తెరలో వేలితో చూపించాడు. ఆమే నాగమణి, నిండిన బస్తా మూతి కుడుతోంది. పాతికేళ్ళుంటాయి, కనుబొమల మీద తెల్లటి దుమ్ము.

ఆమె గొంతు వినడానికి వచ్చాను కదా. అక్కడ ఎవరి గొంతూ వినపడదు! అప్పుడు చూశాను. ఆ ఆడవాళ్ళంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకరు ఇంకొకరి భుజం తడతారు, ఎదురెదురు నిలబడతారు, పెదాలు బాగా విప్పి కదుపుతారు. గొంతు విప్పరు. విప్పి ఏం లాభం? ఒకామె ఏదో అంది, అవతలి గోడ దగ్గర ఇద్దరు పొట్ట పట్టుకుని నవ్వారు. చప్పుడు లేని నవ్వు. ఏమన్నారో నాకు ఒక్క అక్షరం తెలియలేదు. అంతమందిలో చెవిటిదాన్ని నేనే.

పాప నా చెయ్యి ఎప్పుడు వదిలిందో గమనించలేదు. నాగమణి ముందు నిలబడి ఉంది. నాగమణి మోకాళ్ళ మీద కూర్చుని పెదాలతో ఏదో అడిగింది. పాప పెదాలతోనే జవాబిచ్చింది. పక్కామె ఏదో అడిగింది, దానికీ చెప్పింది. చీపురు పట్టుకున్న ముసలమ్మ వచ్చి దాని గడ్డం పట్టుకుంది. దాని మొహం వెలిగిపోతోంది. ప్రతివాళ్ళూ దాని ఎదురుగా నిలబడి, నోరంతా కనపడేలా, దాని కోసం కాదు, వాళ్ళ అలవాటు కొద్దీ మాట్లాడుతున్నారు. నా బిడ్డ పుట్టాక అలాంటి చోటు నేను చూడలేదు.

ఉన్నట్టుండి అది నా వైపు తిరిగింది. పెదాలు కలిశాయి, విడిపోయాయి. గొంతు విప్పిందో లేదో, ముక్కు అదిరిందో లేదో ఆ మోతలో ఎవరికి తెలుసు? అమ్మా అంది. అచ్చంగా అమ్మా అంది. ఎక్కడా తప్పు లేదు. నేను ఆ దుమ్ములో బస్తా మీద కూలబడిపోయాను.

మధ్యాహ్నం అన్నం వేళకి నాగమణి మమ్మల్ని కళ్ళం అవతలి చావడిలోకి తీసుకెళ్ళింది. అక్కడ మోత తక్కువ. అప్పుడు విన్నాను ఆమె గొంతు. ముక్కులోంచి వచ్చినట్టు, ఎత్తుపల్లాలు లేకుండా ఒకే మట్టంలో. మొదటి మాట నాకు అందలేదు. రెండోసారి అందింది.

"కూర్చోండి. అన్నం తిందురు గాని."

టిఫిన్ డబ్బాలో అన్నం, రొయ్యలు వేసిన గోంగూర. మా వైపు చెరువు చేపే అపురూపం, గోంగూరలో రొయ్యలేమిటి అనుకున్నాను కానీ నోట్లో పెట్టుకుంటే ఆగలేదు. పాప మిషను తీసుకుని ఆమె వేడి బియ్యం ఉన్న గిన్నెలో పాతిపెట్టింది. "తడి లాగేస్తుందండి" అంది. తర్వాత నన్ను చూసి నవ్వింది.

"నా మాట వినడానికి వచ్చారా? టీచరు గారు అందర్నీ ఇలాగే పంపిస్తారు."

"ఆ బడిలో ఎట్లుండె?" అన్నాను. నా పెదాలు ఆమెకు కొత్త. అర్థం కాలేదు. మెల్లగా వాళ్ళ మాటలోకి మార్చి "ఎలా ఉండేది?" అన్నాను.

"మొదట్లో రోజూ ఏడ్చేదాన్నండి. తర్వాత అలవాటైపోయింది. మాట వచ్చింది. బస్సులో టిక్కెట్టు అడుగుతాను, కొట్లో సరుకులు అడుగుతాను. ఆవిడ లేకపోతే ఇదంతా లేదు."

"మీ అమ్మ సంతోషపడింటాదే!"

ఆమె డబ్బా మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"మా అమ్మ భట్టిప్రోల్లో ఉంటుందండి. సెలవులకి ఇంటికెళ్ళి బాగానే మాట్లాడేదాన్ని. అమ్మకి అర్థమయ్యేది కాదు. మా అక్క వైపు తిరిగి, 'ఏమంటోందే ఇది?' అనేది. మొన్న వెళ్ళినప్పుడు కూడా అంతే."

"ఇప్పటికీనా?"

"టీచరు గారికి నా ప్రతి మాటా తెలుసు. ఇక్కడ వీళ్ళకి తెలుసు. నేను నేర్చుకునేటప్పుడు అమ్మ అక్కడ లేదు కదండీ. అలవాటు కాలేదు ఆవిడకి."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అయితే పంపమంటావా, వద్దంటావా?" అని అడిగాను.

"పంపకపోతే మాట రాదండి" అంది. కాసేపు పాప వైపు చూసింది. "పంపితే... నాకు తెలీదండి."

సైరను మోగింది. ఆమెకు వినపడకపోయినా పక్కవాళ్ళు లేవడం చూసి లేచి, చేయి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు రైలు

ఇదంతా మా ఊళ్ళో కూర్చుని రాస్తున్నాను. పాప నా పక్కనే ఉంది. మిషను పలుకుతోంది, లోపల రెండు బియ్యపు గింజలున్నాయని రిపేరు చేసినాయన నవ్వాడు. ట్రంకుపెట్టె మాత్రం బాపట్ల బడిలోనే ఉంది. వచ్చే సోమవారం దాని దగ్గరికి వెళుతున్నాం, ఇద్దరం. తల్లి కనపడితే పిల్లలు నోరు కట్టేస్తారని టీచరు ఫోనులో గట్టిగానే అంది. నేనూ గట్టిగానే అన్నాను. బడి బయట వీధిలో గది తీసుకుంటాను, పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకుంటాను, మీరు దానికి నేర్పినది నాకు కూడా నేర్పండి, భ తో సహా. ఆమె చివరికి గది చూస్తానంది. నేను కుట్టే జాకెట్లు బాపట్లలో కూడా వేసుకుంటారు. మా ఆయన సంగతంటారా, ఏది మంచిదంటే అదే అన్నాడు కదా, హోటల్లో తింటాడు. ఇదే మంచిదని నాకు ఖాయంగా తెలుసా? తెలియదు. అక్షరాలు ఎన్నో, నోట్లో ఉన్నవి ఎన్నో కూడా నాకు ఇంకా తెలియదు.

కానీ రేపల్లె నుంచి తెనాలి వస్తూ పాసింజరులో జరిగింది చెప్పి ముగిస్తాను. మా రైలు పెట్టె ఇంజను వెనకే ఉంది, మిల్లంత మోత. పాప కిటికీ పక్కన, నేను ఎదురుగా. మిల్లు ఆడవాళ్ళ లాగా గొంతు లేకుండా, పెదాలు బాగా విప్పి కదిపి దానికి నిజం చెప్పేశాను. ఆ ట్రంకుపెట్టె నీదే. బాపట్లలో ఉండాలి. చదువుకోవాలి.

అది నా నోటి వైపే చూసింది. దాని పెదాలు కదిలాయి. "నువ్వు?"

నేను ఇంకా ఏదీ నిశ్చయించుకోలేదు అప్పటికి. ఒట్టు, ఆ క్షణం దాకా లేదు. "నేను కూడా" అన్నాను.

ఇక అది ఆపకుండా మొదలుపెట్టింది. కాగితం, అల, ముసలమ్మ చీపురు, రొయ్యలు. నేను సగం పట్టుకున్నాను, సగం వదిలేశాను. వదిలేసినప్పుడల్లా నా మోకాలి మీద కొట్టి మళ్ళీ చెప్పింది. పక్కన కూర్చున్నావిడ చాలాసేపటి నుంచి మమ్మల్ని చూస్తోంది. భట్టిప్రోలులో రైలు ఆగి మోత తగ్గేసరికి ఆవిడ తన పక్కామెతో అంటున్నది వినపడింది.

"తల్లీ పిల్లా ఇద్దరికీ మాట రాదు కాబోలు, పాపం."

నాకు కోపం రాలేదు. నేను ప్లాట్‌ఫారం మీది ఆడవాళ్ళను చూస్తున్నాను. బుట్టలు దింపుకునేవాళ్ళు, పిల్లల్ని ఎక్కించేవాళ్ళు. వీళ్ళలో నాగమణి వాళ్ళమ్మ ఎవరో!

అప్పుడు పాప నన్ను తట్టింది. నేను చూసుకోలేదు. అంతే, ఆ నిశ్శబ్దంలో గొంతంతా విప్పి అరిచింది.

"అబ్బా!"

పెట్టెలో అందరూ ఉలిక్కిపడి తిరిగి చూశారు. పక్కావిడ గాభరాగా లేచింది. "ఏమైందమ్మా పాపకి? ఎక్కడన్నా తగిలిందా?"

"లేదక్కా" అన్నాను. "అమ్మా అంటాంది."